చేప గుడ్డులో కళ్లు చూడాలంటే...

"తాతయ్యా, గుడ్డు లోపల చేపకి కళ్లుంటాయా?"

డాలస్ పక్కన ఫ్రిస్కోలో మా అమ్మాయి ఇంట్లో, పోయిన వేసవిలో ఒక పొద్దున మా మనవడు అడిగిన ప్రశ్న ఇది. వాడికి ఎనిమిదేళ్లు. ఉంటాయనో ఉండవనో చెప్పేసి కాఫీ తాగుతూ కూర్చుంటే సరిపోయేది. 'ఫోటో తీసి చూపిస్తాలేరా' అన్నాను. ఆ ఒక్క మాట నిలబెట్టుకోవడానికి దాదాపు నెల రోజులు, 270 డాలర్లు పట్టాయి. అందులో 110 డాలర్లు నా తెలివితక్కువతనానికి కట్టిన పన్ను. ఇంట్లో సముద్రపు అక్వేరియం పెట్టుకుని, అందులోని బుల్లి ప్రాణుల్ని ఫోటోలు తీయడానికి మాక్రో లెన్సు కోసం చూస్తున్నవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, ఆ పన్ను మీకు మిగులుతుందని ఈ వారం ఈ సంగతి ఎత్తుకున్నాను.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లిన తల్లిదండ్రుల బతుకు మీకు తెలిసిందే. పొద్దున ఎనిమిదింటికల్లా ఇల్లు ఖాళీ. కారు తోలడం రాదు. వీధిలో మనిషి కనిపించడు. మా ఆవిడకు సీరియళ్లున్నాయి. నాకు దొరికింది హాల్లో ఉన్న అక్వేరియం. మా అల్లుడు నాలుగేళ్లుగా ప్రాణంగా చూసుకుంటున్నాడు దాన్ని. 75 గ్యాలన్లు, అంటే సుమారు 284 లీటర్లు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. అందులో రాళ్లు, ఆ రాళ్ల మీద పగడపు జీవులు, వాటి మధ్య నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న క్లౌన్ చేపల జంట. 'నెమో' సినిమా చూసిన ఇంట్లో ఆ చేపను వేరే పరిచయం చేయక్కర్లేదు.

ఇక్కడొక మాట. అక్కడ పగడాలను ముక్కలు చేసి పెంచి, మొక్కల నర్సరీలో అంట్లు అమ్మినట్టు అమ్ముతారు. మన దగ్గర అలా కాదు. దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులి ఉన్న షెడ్యూలే అది. సముద్రం ఒడ్డున దొరికిందని తెచ్చి తొట్టెలో వేసుకుంటే కేసు అవుతుంది. క్లౌన్ చేపల సంగతి వేరు. వాటిని హేచరీలో పొదిగించి పెంచే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థే తయారు చేసింది. చేపలూ రాళ్లూ ఉన్న తొట్టెకైనా లెన్సు లెక్క ఒకటే కాబట్టి, ఈ కథ మనకూ పనికొస్తుంది.

ఆ క్లౌన్ జంట ఒక రోజు రాతి చెంపను నోటితో గీకి గీకి శుభ్రం చేసి, దాని మీద గుడ్లు పెట్టింది. బొటనవేలు మోపినంత జాగాలో నారింజ రంగు మచ్చ. ఒక్కో గుడ్డు నిలువునా అతుక్కుని, రెండు మిల్లీమీటర్ల పొడవుంటుంది. కాపలా డ్యూటీ మగచేపది. రెక్కలతో విసురుతూ, మధ్యమధ్యలో నోటితో తుడుస్తూ ఉంటుంది. ఆడది పెద్దది, గయ్యాళి. ఈ చేపలన్నీ మగవిగానే పుడతాయట. జంటలో పెత్తనం చేసేది తర్వాత ఆడదిగా మారుతుందట. ఇది విని మా ఆవిడ సీరియల్ ఆపి మరీ వచ్చి చూసింది.

మొదట్లో నారింజ రంగులో ఉన్న గుడ్లు మూడు నాలుగు రోజులకు గోధుమ రంగుకు తిరుగుతాయి. అప్పుడు కళ్లు నల్ల చుక్కల్లా తేలతాయి. పొదిగే ముందు ఆ కళ్లు వెండిలా మెరుస్తాయి. అలా మెరిశాయంటే ఆ రాత్రో మర్నాటి రాత్రో, లైట్లు ఆరాక, పిల్లలు బయటికొచ్చేస్తాయి. మొత్తం ఏడు నుంచి పది రోజులు. అంటే నా చేతిలో ఉన్నది వారం.

నా దగ్గర ఉన్నది పాత నికాన్ డీ5600, దాంతోపాటే వచ్చిన 18-55 లెన్సు. దాంతో తీస్తే గుడ్లు గసగసాల్లా కనిపించాయి. వాడు పెదవి విరిచాడు. సరే, మాక్రో లెన్సు కొనాల్సిందే అనుకుని పాత సామాన్ల ప్రకటనలు వెతికాను. 70-300 జూమ్ ఒకటి, మీద బంగారు రంగులో 'మాక్రో' అని రాసి ఉంది, 110 డాలర్లు. ఒక షాపింగ్ మాల్ పార్కింగ్‌లో బేరం. వాపసు లేదు. నేను కూడా ఆ మాట చూసే కొన్నాను తప్ప, లోపల కొలత ఏమిటని అడగలేదు.

ఆ కొలతే అసలు సంగతి. నిజమైన మాక్రో లెన్సు 1:1 దాకా వెళుతుంది. అంటే రెండు మిల్లీమీటర్ల గుడ్డు, కెమెరా సెన్సార్ మీద కూడా రెండు మిల్లీమీటర్లుగానే పడుతుంది. నా కెమెరా సెన్సార్ వెడల్పు సుమారు 24 మిల్లీమీటర్లు. అంటే 1:1లో పన్నెండు గుడ్లు పొడవునా పేరిస్తే ఫోటో నిండిపోతుంది. నేను కొన్న జూమ్ మీద కళ్లజోడు పెట్టుకుని చదివితే 1:4 అని ఉంది. ఫోటో నిండాలంటే 48 గుడ్లు కావాలి. ఇంకా ఘోరం ఏమిటంటే, కెమెరాతో ఊరికే వచ్చిన నా 18-55 లెన్సే సుమారు 1:2.6 దాకా చూపిస్తుంది. 110 డాలర్లు పోసి వెనక్కి నడిచానన్నమాట. పైగా ఆ జూమ్‌కు ఫోకస్ కుదరాలంటే మీటరున్నర దూరం కావాలి. సోఫా వెనక నిలబడి తీస్తే గుడ్ల కంటే వంటింటి లైటు, టీవీ, అడ్డంగా వెళుతున్న మా అమ్మాయి అద్దంలో బాగా పడ్డారు. ఏడో రాత్రి గడిచింది. ఎనిమిదో రోజు పొద్దున రాయి ఖాళీ.

వాడు ఏమీ అనలేదు. నాకు అదే బాధ.

"మళ్లీ పెడతాయి మావయ్యగారూ, ఒకసారి మొదలెడితే రెండు మూడు వారాలకోసారి పెడుతూనే ఉంటాయి. అదే రాయి మీద" అన్నాడు అల్లుడు. నా తిరుగు ప్రయాణానికి అప్పటికి ఇంకా నాలుగు వారాలుంది. ఈసారి డబ్బు తీయకముందు టేపు తీశాను.

మీరు కూడా ఏ లెన్సు కొనాలని ఎవర్నైనా అడిగే ముందు చేయాల్సిన పని అదే. మీరు తీయాలనుకున్న ప్రాణి అద్దానికి ఎంత లోపల ఉందో కొలవండి. మా గుడ్లు పెట్టిన రాయి అద్దం నుంచి 12 సెంటీమీటర్ల లోపలుంది. నీళ్లలో ఉన్న వస్తువు అసలు దూరంలో ముప్పాతిక వంతులోనే ఉన్నట్టు కనిపిస్తుందని స్కూల్లో చదువుకున్నాం. గిన్నెలో రూపాయి బిళ్ల పైకి లేచినట్టు కనిపించడం లాంటిదే. కాబట్టి లెన్సుకు ఆ గుడ్లు 9 సెంటీమీటర్ల దూరంలోనే ఉన్నట్టు లెక్క. అద్దం మందం కలుపుకుంటే 10. అంటే లెన్సు మూతికీ వస్తువుకీ మధ్య కనీసం 10 సెంటీమీటర్లు జాగా ఇస్తూ, 1:1 తీయగలిగే లెన్సు కావాలి నాకు.

ఈ జాగా సంగతి లెన్సు పెట్టె మీద ఉండదు. అక్కడ రాసేది 'అతి తక్కువ ఫోకస్ దూరం'. దాన్ని కొలిచేది లెన్సు మూతి నుంచి కాదు, కెమెరా లోపలున్న సెన్సార్ నుంచి. కెమెరా నెత్తి మీద సున్నాను గీతతో కొట్టేసినట్టు చిన్న గుర్తు ఉంటుంది చూడండి, అక్కడినుంచి. 90 మి.మీ. టామ్రాన్ మాక్రోకు 29 సెంటీమీటర్లని రాసి ఉంటుంది. కెమెరా మందం, పూర్తిగా సాగిన లెన్సు పొడవు తీసేస్తే ముందు మిగిలేది 10 సెంటీమీటర్లే. 40 మి.మీ. మాక్రోలు చవకే, బుజ్జిగా ముచ్చటగా ఉంటాయి. కానీ 1:1 దగ్గర వాటి ముందు మిగిలేది మూడు నాలుగు సెంటీమీటర్లు. పువ్వులకు, నగలకు భేషుగ్గా ఉంటుంది. అక్వేరియంలో అయితే అద్దానికి అంటుకున్న నత్తను తీయొచ్చు, అంతే. 60 మి.మీ.కి లెన్సును బట్టి అయిదు నుంచి తొమ్మిది దాకా. 100, 105 వాటికి పది నుంచి పదిహేను. అందుకని వెడల్పు తక్కువున్న చిన్న తొట్టెకు, అద్దానికి దగ్గరగా పెట్టుకున్న పగడాలకు 60 చాలు. అడుగున్నర వెడల్పు తొట్టెకు 90కి తక్కువ కొంటే మళ్లీ సంతకు వెళ్లాల్సిందే.

ఇక డబ్బు ఎక్కడ మిగుల్చుకోవచ్చు? కొత్త లెన్సుల్లో ఎక్కువ ధర పెట్టించేవి రెండు. ఒకటి చేతి వణుకును సర్దే ఏర్పాటు, రెండోది చురుకైన ఆటోఫోకస్. అక్వేరియం ముందు మీరు కెమెరాను స్టాండు మీద పెడతారు కాబట్టి మొదటిది దండగ. ఇంత దగ్గర్లో ఆటోఫోకస్ ముందుకీ వెనక్కీ గింజుకుంటుంది తప్ప ఒకచోట నిలవదు. కాబట్టి రెండోది కూడా ఉన్నా లేనట్టే. ఈదే చేపల్ని తీస్తానంటే అది వేరే కథ. ఎఫ్/2.8 ఉండాలని పట్టుబట్టడమూ అనవసరం. 1:1 దగ్గర అంత తెరిచి ఎవరూ తీయరు.

నాకు కలిసొచ్చింది ఇక్కడే. నికాన్ డీ3000, డీ5000 వరుస కెమెరాల్లో ఫోకస్ తిప్పే మోటారు ఉండదు. లెన్సులో మోటారు లేకపోతే చేత్తో తిప్పుకోవాల్సిందే. టామ్రాన్ 90 మి.మీ. ఎఫ్/2.8 లెన్సుల్లో పాతవాటికి మోటారు లేదు, తర్వాత వచ్చినవాటికి ఉంది. ఆ మోటారు లేనిది, అద్దాలు కడిగిన ముత్యాల్లా ఉన్నది, 160 డాలర్లకు దొరికింది. 'ఆటోఫోకస్ పనిచేయదు' అని అమ్మినాయన ముందే నిజాయతీగా చెప్పాడు. పనిచేయకపోతే మరీ మంచిదన్నాను.

నికాన్‌లో మాక్రో కోసం వెతికేవాళ్లకు ఒక చిన్న చిట్కా. ఆ కంపెనీ తన లెన్సులకు మాక్రో అని పేరు పెట్టదు, 'మైక్రో' అంటుంది. దాని వెనక కథ బాగుంటుంది. 1956లో వాళ్లు తెచ్చిన మొదటి మైక్రో నిక్కర్, పుస్తకాల పేజీల్ని మైక్రోఫిల్మ్ మీదికి ఎక్కించే పనికోసం పుట్టింది. ఇంగ్లిషు అక్షరాలకు సరిపోయే లెన్సుల్లో గీతల మీద గీతలుండే జపాను లిపి అలుక్కుపోయేది. మన 'క్ష్మీ', 'ర్త్ర్య' లాంటివాటిని తలుచుకుంటే వాళ్ల కష్టం మనకు తేలిగ్గా అర్థమవుతుంది. ఆ వంశంలోదే 55 మి.మీ. ఎఫ్/2.8. పూర్తిగా చేత్తో తిప్పేది. ఒంటరిగా 1:2 దాకా వెళుతుంది, 27.5 మి.మీ. ట్యూబు తగిలిస్తే 1:1. అద్దానికి దగ్గరగా ఉన్నవాటికి ఇంతకంటే చవకైన మంచి లెన్సు నాకు తెలియదు.

ట్యూబు అంటే ఏమీ లేదు, కెమెరాకూ లెన్సుకూ మధ్య బిగించే ఖాళీ గొట్టం. అందులో అద్దాలుండవు. 50 మి.మీ. లెన్సుకు 25 మి.మీ. గొట్టం పెడితే సగం సైజు కలిసొస్తుంది. లెక్క అంత తేలిక. కానీ సైజు పెరిగేకొద్దీ ముందు జాగా తరిగిపోతుంది. పైగా ఎలక్ట్రానిక్ కాంటాక్టులు లేని చవక గొట్టం కొంటే, ఇప్పటి లెన్సుల కన్నం మన మాట వినదు.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పకుండా దాచుకుందామనుకున్నాను. మా అల్లుడి స్నేహితుడొకడు భోజనానికి వచ్చి, మూలన పడేసిన నా 70-300 జూమ్ చూసి, జేబులోంచి బిళ్లలాంటిది తీసి దాని మూతికి తగిలించాడు. రేనాక్స్ డీసీఆర్-250. మంచి రకం భూతద్దమే అనుకోండి. అంతే, మీటరున్నర దూరం కావాలన్న జూమ్ 12 సెంటీమీటర్ల దగ్గరికి వచ్చేసి, 1:1 దాటి చూపించింది. ఎంత జూమ్ చేసినా ఆ దూరం మారదు. మంచి మాక్రో అంత నునుపుగా అంచుల్లో రాదు. కానీ నీళ్లు, అద్దం అడ్డుగా ఉన్న చోట ఆ తేడా ఎంతమందికి తెలుస్తుంది? కొత్తది కొన్నా దాని ధర నా టామ్రాన్‌లో సగం. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని. మీ దగ్గర 200, 300 దాకా వెళ్లే జూమ్ ఏదైనా ఇప్పటికే ఉంటే, ముందు ఈ బిళ్ల కొని చూడండి. మాక్రో లెన్సు సంగతి తర్వాత.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు ఒక జాగ్రత్త. మన కోఠీ గుజరాతీ గల్లీలో కొన్నా, ఇంకెక్కడ కొన్నా, వెనకనుంచి టార్చి వేసి లెన్సు లోపలికి చూడండి. సాలెగూడు పోగుల్లా కనిపిస్తే అది బూజు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో బీరువాలో పెట్టి మరిచిపోయిన లెన్సుకు తప్పకుండా పట్టే జబ్బు. ఎంత చవకైనా వద్దు. ఇక సెల్‌ఫోన్ మీద తగిలించే మాక్రో అద్దాలు రెండు మూడు సెంటీమీటర్ల దూరానికే పనిచేస్తాయి. కాకపోతే నీలి లైట్ల కింద పగడాలను తీయడానికి, వాటితో వచ్చే పసుపు ఫిల్టర్ ఒక్కటి మాత్రం నిజంగా ఉపయోగపడుతుంది.

పదిహేడో రోజున రెండో కాన్పు. అదే రాయి.

ఈసారి తొందరపడలేదు. ముందు రోజే అద్దాన్ని లోపలా బయటా శుభ్రం చేయించాను. అప్పటికప్పుడు గీకితే లేచిన నలుసులు నీళ్లలో తిరుగుతుంటాయి. హాల్లో లైట్లన్నీ ఆర్పి, టీవీ ఆపించి (దీని మీద ఇంట్లో కొంత చర్చ జరిగింది), నల్ల చొక్కా తొడుక్కున్నాను. తెల్ల చొక్కా వేసుకుంటే మనమే అద్దంలో పడతాం. కెమెరా అద్దానికి సూటిగా ఉండాలి, గోడకు మేకు కొట్టినట్టు. కొంచెం ఏటవాలుగా పెట్టినా నీళ్లూ అద్దమూ కలిసి అంచుల్లో రంగులు సాగదీస్తాయి. ఎంత ఖరీదైన లెన్సయినా దీన్ని బాగు చేయలేదు. మావాడు కొన్న లెన్సు బాగాలేదని వాపోయే చాలామందిది నిజానికి ఈ జబ్బే.

పంపులు పది నిమిషాలు ఆపించాను. నీటి వేగానికి గుడ్లు గడ్డి పరకల్లా ఊగుతాయి. పంపు ఆపినా మగచేప విసరడం మానదుగా, అందుకని సెకనులో 200వ వంతు వేగం, ఐఎస్‌ఓ 1600. 1:1 దగ్గర ఎఫ్/11 పెట్టినా స్పష్టంగా వచ్చే లోతు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఫోకస్ రింగు తిప్పుతూ కూర్చుంటే పని జరగదు. రింగును ఒకచోట వదిలేసి, స్టాండు మీద కెమెరానే వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ జరుపుతూ, వెనక తెర మీద పెద్దది చేసి చూసుకోవాలి. అల్లుడు నీలి లైట్లు తగ్గించి తెల్లవి పెంచాడు. రంగు తేడా సరిచూసుకోవడానికి కడిగిన పెరుగు డబ్బా మూతను నీళ్లలో పట్టుకుని ఒక ఫోటో తీసి, మిగతావన్నీ రా ఫైళ్లుగా తీశాను. ఆడచేప వచ్చి ఆ మూతనూ, అల్లుడి వేలినీ కలిపి కొరికింది.

అయిదో రోజు తీసిన నలభైలో ఒక్కటీ కుదరలేదు. ఆరో రోజు రెండు. ఎనిమిదో రోజు సాయంత్రం లెన్సు మూతి అద్దానికి దాదాపు ఆనింది. పూర్తి 1:1 రాలేదు, దానికి జుట్టంత తక్కువ. వాణ్ని పిలిచి తెర మీద పెద్దది చేసి చూపించాను. పారదర్శకంగా ఉన్న ఒక్కో గుడ్డులో ముడుచుకున్న పిల్ల చేప. దానికి రెండు కళ్లు, చుట్టూ వెండి తాపడం చేసినట్టు. ఒక గుడ్డులో పిల్ల రెండో ఫోటోకు అటు తిరిగింది.

"నన్ను చూస్తోందా?"

"అద్దంలోంచి నిన్నే చూస్తోంది."

ఆ రాత్రి లైట్లు ఆరాయి. పొద్దుటికి రాయి మళ్లీ ఖాళీ. పిల్లల్ని బతికించాలంటే వేరే తొట్టె, వాటికి తిండిగా రోటిఫర్లనే సూక్ష్మజీవులు కావాలి. అవి అల్లుడి దగ్గర లేవు. వాడికి ఆ విషయం మా అమ్మాయే చెప్పింది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, నాన్నతో వేరే తొట్టె కొనిపిస్తానని, ఫ్రిజ్ మీద అంటించిన ఫోటో ముందు స్టూలు వేసుకుని ఎన్ని పిల్లలకు చోటు కావాలో లెక్కపెట్టడం మొదలెట్టాడు. 86 దగ్గర తప్పింది. మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టాడు.